ఏడో నంబరు ముక్క

మంగళవారం మధ్యాహ్నం పన్నెండూ పదికి, ఆసుపత్రి రెండో అంతస్తులో, సుద్దక్క ఆడపడుచు దొంగ అయింది. పన్నెండుంపావుకల్లా మళ్ళీ మామూలు మనిషైపోయింది. ఆ ఐదు నిమిషాలూ వార్డు గుమ్మంలో నిలబడి కళ్ళారా చూసింది సుద్దక్క.

ఆమె వచ్చింది కళ్ళజోడు కోసం. చీటీ చేత్తో పట్టుకుని కళ్ళ డాక్టరు గది వెతుక్కుంటూ వరండాలో నడుస్తుంటే, వార్డులో నేల తుడుస్తూ ఆడపడుచు కనిపించింది. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో తుడుపుకర్ర, పళ్ళ మధ్య తాళాలగుత్తి. 'అదేం వేషమే!' అని నవ్వబోయేంతలో ఆడపడుచు మంచం కిందికి వంగి ఏదో తీసింది. చెవిదుద్దు. ఎవరో రోగి చెవినుంచి జారిపడినట్టుంది. ఎక్కడ పెట్టాలో తోచక ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, తలమీది టోపీ మడతలో దోపుకుంది.

"ఆగు! టోపీలో ఏం దాచావ్?"

వార్డు ఇన్‌ఛార్జి గొంతు అది. వార్డు వార్డంతా తలతిప్పింది. టోపీ తీయించారు. దులిపించారు. దుద్దు నేలమీద టింగుమంది. చేతులు చాపి నిలబడమన్నారు. ఆడపడుచు చేతులు చాపింది, నోట్లో తాళాలతోనే.

"నాదేనమ్మా ఆ దుద్దు. ఇవ్వడానికే తీసుంటుంది, పాపం" అంది మూల మంచం మీది ముసలావిడ.

"ఇవ్వడానికైతే టోపీలో ఎందుకు పెట్టాలి?"

ఆడపడుచు తాళాలు నోట్లోంచి తీసింది. "ఇంకెక్కడ పెట్టమంటారు మేడమ్?" అంది. ఇన్‌ఛార్జి "సరే సరే, పో" అని మందుల బల్ల వైపు తిరిగింది.

మెట్ల దగ్గర సుద్దక్క ఆమెని పట్టుకుంది. "ఏడుపొస్తే ఏడువ్, లోపల పెట్టుకోకు."

"ఏడిస్తే తుడుచుకోడానికి రుమాలుండాలి వదినా. రుమాలుండాలంటే జేబుండాలి. అదే లేదుగా!" పకపకా నవ్వి కోటు రెండు పక్కలా అరచేతులతో తట్టి చూపించింది. నీలంరంగు కోటు, మెడనుంచి మోకాలి దాకా సున్నం కొట్టిన గోడలా చదునుగా ఉంది. "నర్సులకి జేబులు, ల్యాబు వాళ్ళకి జేబులు. మాకు పెడితే ఆసుపత్రి ఎత్తుకుపోతామని భయం. పై వాళ్ళ రూలట."

"దాని గురించి నా దగ్గరో ఆలోచన ఉంది."

"తెలుసు. పుస్తకంలో రాసుంటావ్. నీ పుస్తకంలో లోకమంతా బాగుపడిపోయిందట కదా, మా అన్నయ్య చెప్పాడు. ఆ లోకానికి బస్సు ఎక్కడ ఎక్కాలో చెప్పు, నేనూ వస్తా."

సుద్దక్క చేతిలోని చీటీని నాలుగు మడతలు పెట్టింది.

"కొత్త కోట్లు వస్తున్నాయట. కుట్టేది మీ కార్ఖానానే కదా?" బకెట్టు ఎత్తుకుంటూ అంది ఆడపడుచు. "వాటికీ జేబు లేకపోతే కోటు విప్పి ఇన్‌ఛార్జి బల్లమీద పెట్టి ఇంటికొచ్చేస్తా. నవ్వుతూ చెప్తున్నానని నవ్వులాట అనుకోకు వదినా."

సుద్దక్క అనుకోలేదు. ఆడపడుచు కోపంగా అన్నవి సాయంత్రానికి మర్చిపోతుంది. నవ్వుతూ అన్నవి మాత్రం చేసి తీరుతుంది. ఎనిమిదేళ్ళ ఉద్యోగమైనా సరే.

కళ్ళజోడు సంగతి ఆ రోజుకి ఎవరికీ గుర్తు లేదు.

బుధవారం ఉదయం కార్ఖానాకి వెళ్ళేసరికి నీలంరంగు తానులు దిగి ఉన్నాయి. పొడుగాటి కోత బల్లమీద గుడ్డ పరవడం మొదలైంది. ఆసుపత్రికి నూట ఇరవై కోట్లు. నలభై పొరలు పరిస్తే ఒక్క కోతకి నలభై కోట్లు తయారు. అన్నిటికన్నా పైపొర మీద అట్టముక్కలు పెట్టి సుద్దతో గీయడం సుద్దక్క పని. ఆ గీత వెంట మిషను కత్తి నడిపించడం మాస్టారి పని. తొమ్మిదేళ్ళుగా ఆమె గీస్తోంది, ఆయన కోస్తున్నాడు. సాయంత్రానికి ఆమె కనుబొమలు కూడా తెల్లబడతాయి కాబట్టి అసలు పేరు ఎప్పుడో సుద్దపొడితోపాటు రాలిపోయింది. సుద్దక్క గీత తప్పదని కార్ఖానాలో నానుడి.

"కోత ఎప్పుడు మాస్టారూ?"

"శుక్రవారం పదింటికి." మాస్టారు ఎడమచేతికి ఇనుప తొడుగు వేసుకుంటూ చెప్పాడు. కత్తి వేళ్ళమీదికి రాకుండా అది. నిద్రలో కూడా తీయడని ఆయన భార్య అంటుంది.

శుక్రవారం పది. కోశాక ఇంకేముంది? మళ్ళీ ఆర్డరు రావడానికి రెండేళ్ళు, ఒక్కోసారి మూడేళ్ళు.

సుద్దక్క చేతిసంచీలోంచి పుస్తకం తీసింది. అరచేతికి కాస్త పెద్దది. గోధుమరంగు అట్ట వాడి వాడి గుడ్డలా మెత్తబడింది. ఒక మూల ఏటవాలుగా తెగి ఉంటుంది. ఎందుకు తెగిందో ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. మొదటి పేజీలో: 'మిషన్ల వెనక తానుల కట్టలు తీయించి, కిటికీ తెరిపించాలి.' ఆ కిటికీ ఇప్పటికీ తెరుచుకోలేదు. మూడో పేజీలో: 'ఆసుపత్రి పనివాళ్ళ కోట్లకి జేబు. ఓనరుని అడగాలి.' అక్కణ్ణుంచి నాలుగు పేజీలనిండా జేబుల బొమ్మలు. గుండ్రటివి, పలకవి, కుట్టులో కలిసిపోయేవి, మూతవి. పదిహేడు రకాలు. అడగడం ఒక్కటే మిగిలింది.

"మాస్టారూ, ఈ కోట్లకి జేబు పెడితే ఎలా ఉంటుంది?"

"జేబులా ఉంటుంది."

"నిజంగా అడుగుతున్నా."

"నిజంగానే చెప్తున్నా. సుద్దక్కా, అట్టముక్క లేనిది గీత లేదు, గీత లేనిది కోత లేదు. అట్టలు తెచ్చి పరిచి, జేబు ఎక్కడుందో చూపించు."

అట్టముక్కలు మేకుకి వేలాడుతున్నాయి. ఒకటి నుంచి ఆరు దాకా, ఆపైన ఎనిమిది. ముందుభాగాలు, వీపు, చెయ్యి, కాలరు, కఫ్, నడుం పట్టీ. ఏడో నంబరు లేదు. పాత మాస్టారికి ఏడు అంకె అచ్చిరాదని, అందుకే ఆయన ఆ నంబరు వదిలేశాడని కార్ఖానాలో అందరికీ తెలుసు. మిషన్ల మీది అమ్మాయిలైతే ఏడో మిషను దగ్గర కూర్చోడానికి కూడా వంతులు వేసుకుంటారు.

సుద్దక్క ఓనరు గదికి వెళ్ళింది. పుస్తకంలో 'అడగాలి' అని రాసిన తొమ్మిదేళ్ళకి అడిగింది.

"జేబులా? వాళ్ళకి జేబులు వద్దమ్మా."

"వద్దని ఎవరన్నారండీ?"

"ఆసుపత్రి వాళ్ళు."

"కాగితంలో ఉందాండీ?"

ఓనరు ఆర్డరు కాగితం తీశాడు. 'పనివారి కోట్లు, నమూనా ప్రకారం, నూట ఇరవై.' అంతే ఉంది. "చూశావా, జేబులని ఎక్కడా లేదు."

"వద్దని కూడా లేదు కదండీ."

"ఎప్పట్నుంచో అంతేనమ్మా! పద్ధతిగా వస్తున్న ఆర్డరు. ఇప్పుడు వెళ్ళి గెలికితే ఇంకో కార్ఖానా తన్నుకుపోతుంది. ఆ తర్వాత మనం జేబులే కుట్టుకోవాలి, పెట్టుకోడానికి ఏమీ లేక." తన జోకుకి తనే నవ్వి ఫోనెత్తాడు.

మామూలుగా అయితే సుద్దక్క తిరిగొచ్చి పుస్తకంలో 'ఓనరు ఒప్పుకోలేదు, వేరే దారి చూడాలి' అని రాసి, ఆ దారుల బొమ్మలు గీసి తృప్తిపడేది. పెన్సిలు తీసింది కూడా. తాళాలగుత్తి పళ్ళ మధ్య పెట్టుకుని చేతులు చాపిన మనిషి కళ్ళముందు మెదిలింది. పెన్సిలు సంచీలో పడేసింది.

గురువారం భోజనాల వేళ, మాస్టారు చెయ్యి కడుక్కోడానికి వెళ్ళినప్పుడు, ఆమె ఆయన కత్తెర తీసుకుంది.

కార్ఖానాలో అది నేరం కిందే లెక్క. మిషను దగ్గర కూర్చుని తింటున్న అమ్మాయి నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని, "అక్కా! అది మాస్టారి..." అంది.

"నువ్వు చూళ్ళేదు. నములు."

మూలపడున్న పీలికల్లోంచి నీలం ముక్క ఏరి, గీసింది. గీసేంతవరకు చెయ్యి బాగానే నడిచింది. కత్తెర పెట్టగానే ఆగింది. సుద్దగీత తప్పైతే అరచేత్తో దులిపేయొచ్చు. కత్తెరకి ఆ దయ లేదు. తొమ్మిదేళ్ళుగా ఆమె దులిపేయగలిగిన పనే చేసింది. కళ్ళు మూసుకుందామనుకుంది. మూసుకుంటే వంకర పోతుందని తెరిచే ఉంచి కోసింది.

పోయిన ఆర్డరులో మిగిలిన కోటు ఒకటి బీరువాలో ఉంది. దానికి జేబు కుట్టి, సంచీలో కుక్కుకుని, ఒంటిగంటా పదికి బస్సెక్కింది.

ఆసుపత్రి స్టోరు నేలమాళిగలో ఉంది. స్టోరు మేడమ్ లావుపాటి కళ్ళజోడు ముక్కు చివరకి జార్చుకుని, సబ్బుల పెట్టెలు లెక్క చూస్తోంది. సుద్దక్క బస్సులో ఒక ఉపన్యాసం తయారుచేసుకుంది. మనిషికి గౌరవం, పనికి సౌకర్యం, పదిహేడు రకాలు, ఒక్క గజం గుడ్డ కూడా ఎక్కువ కాదు. మేడమ్ తలెత్తగానే అదంతా ఎగిరిపోయింది. కోటు తీసి బల్లమీద పరిచింది. "జేబు" అంది.

మేడమ్ కోటు చూసింది. జేబులో చెయ్యి పెట్టి చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి వాలి, "అబ్బ! మొత్తానికి మీ కార్ఖానాకి జ్ఞానోదయం అయిందన్నమాట" అంది.

"అంటే... పెట్టొచ్చాండీ?"

"పెట్టొచ్చేమిటమ్మా? పెట్టాలి! నాలుగు ఆర్డర్లుగా నమూనా ప్రకారం, నమూనా ప్రకారం అని రాసి పంపిస్తుంటే మీరేమో జేబులు ఎగ్గొట్టి పంపిస్తున్నారు. గుడ్డ మింగేస్తున్నారని మేం అనుకుంటున్నాం."

మేడమ్ ఇనుప బీరువా తెరిచి, లక్కముద్ర వేసిన సంచీలోంచి పాత నీలం కోటు తీసింది. నమూనా. దానికి రెండు పక్కలా రెండు జేబులు, పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టు నిక్షేపంగా ఉన్నాయి.

"మరి ఎప్పుడూ అడగలేదేంటండీ?"

"మీరెందుకు పెట్టలేదో మీరు చెప్పాలి గాని, మేం అడిగేదేంటి? వేసుకునేవాళ్ళే ఒక్క మాట అనలేదు."

వేసుకునేవాళ్ళు ఎందుకనలేదో సుద్దక్కకి తెలుసు. దొంగలనుకుంటున్నారేమోనన్న అనుమానం ఉన్నవాళ్ళు జేబు అడగరు.

"కొలత రాసుకుంటానండీ" అంది. టేపు పెట్టి పొడవూ వెడల్పూ చూసింది. రాసుకోడానికి పుస్తకం తెరిచి, అట్ట పైకి వచ్చేట్టు బోర్లించి ఆ జేబు మీదే పెట్టి, పెన్సిలు కోసం సంచీలో వెతికింది. తిరిగి చూసేసరికి పుస్తకం జేబుని కప్పేసింది. ఇటు అంచు, అటు అంచు, కింద అంచు. చెయ్యి దూరడానికి జేబు పైన ఏటవాలుగా కోసిన మూల దగ్గర, అట్టకి తెగిన మూల గీత పెట్టినట్టు సరిపోయింది.

సుద్దక్క పుస్తకం తటాలున మూసింది.

బస్సులో చివరి సీట్లో కూర్చుని అట్ట విప్పింది. తొమ్మిదేళ్ళుగా లోపలికి తిరిగి ఉన్న పక్కన, తన చేతిరాతే, గుండ్రంగా, ముద్దుగా ఉంది: '7. జేబు. రెండు.'

అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కార్ఖానాలో చేరిన కొత్తలో, పాత అట్టలు చిరిగిపోతే కొత్తవి దింపింది తనే. పాతవి చించి పారేసిందీ తనే. ఆ రోజే కొత్త పుస్తకం కొనుక్కుంది. ఆలోచనలు రాసుకునే పుస్తకం కదా, అట్ట వేసుకుందామని బల్లమీద దొరికిన గట్టి కాగితం తీసి వేసుకుంది. కొన్నాళ్ళకి ఎవరో "ఏడో నంబరేది?" అంటే, "పాత మాస్టారికి ఏడు అచ్చిరాదేమో" అన్నదీ తనే. ఆ మాటే శాసనమైంది.

ఎవరూ చూడలేదు. అట్టని మడిచి బస్సు కిటికీలోంచి వదిలేస్తే చాలు. 'ఆసుపత్రివాళ్ళు జేబులు కావాలన్నారు' అని చెప్తే పని అయిపోతుంది, గీత తప్పని సుద్దక్క పేరు అలాగే ఉంటుంది. కిటికీ అద్దం రెండంగుళాలు తెరిచే ఉంది. కాగితం పట్టుకున్న చెయ్యి దానిదాకా వెళ్ళింది. అక్కడ కాసేపు గాలి పోసుకుని వెనక్కొచ్చింది. ఆ కాగితం లేకపోతే రేపు మాస్టారు దేన్ని చూసి కోస్తాడు?

శుక్రవారం తొమ్మిదిన్నరకి కోత బల్ల దగ్గర మాస్టారు, ఓనరు, మిషన్ల అమ్మాయిలు అందరూ ఉండగా, సుద్దక్క ఏడో నంబరు ముక్కని నీలం గుడ్డమీద పెట్టింది. ఎక్కడ దొరికిందో చెప్పింది. ఎవరు పోగొట్టారో చెప్పింది. కత్తెర సంగతి కూడా చెప్పింది, పనిలో పనిగా.

అమ్మాయిలంతా ఏడో మిషను వైపు చూశారు.

"నువ్వా!" అన్నాడు ఓనరు. "తొమ్మిదేళ్ళు! ఆసుపత్రివాళ్ళు నన్ను గుడ్డదొంగ అనుకున్నారా?"

"అనుకున్నారండీ."

"ఈవిడ పుస్తకానికి అట్ట కావాలని నేను..." ఆయన రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు.

మాస్టారు అట్టముక్కని తీసుకుని గుడ్డమీద అటూ ఇటూ జరిపాడు. చంకకోతకీ వీపుకీ మధ్య ఎప్పుడూ మిగిలిపోయే ఖాళీ దగ్గర ఆపాడు. ముక్క అందులో కూర్చుంది. పీట వేసినట్టు కూర్చుంది. రెండోది అవతలి పక్క ఖాళీలో కూర్చుంది.

"ఈ ఖాళీ ఎందుకురా దేవుడా అని తొమ్మిదేళ్ళుగా అనుకుంటున్నా" అన్నాడు నెమ్మదిగా. "ఏడు లేదని తెలిసీ కోసినవాణ్ణి నేను. గీసినదాన్ని ఒక్కదాన్నే అంటే ఎలా ఓనరుగారూ? ఆర్డరు చదివి నమూనా చూడనివాళ్ళు కూడా ఉన్నారు కదా."

ఓనరుకి అకస్మాత్తుగా ఫోను చూసుకోవలసి వచ్చింది. "గుడ్డ ఎక్కువ పట్టదుగా?" అని మాత్రం అడిగాడు.

"ఒక్క అంగుళం కూడా పట్టదు."

"అయితే నిలబడి చూస్తారేంటి? పది కావస్తోంది!"

సుద్దక్క సుద్ద తీసింది. మాస్టారు ఇనుప తొడుగు వేసుకుని, మిషను మీట నొక్కబోతూ ఆగాడు. "సుద్దక్కా, ఒక్క మాట. నా కత్తెర ఇంకోసారి ముట్టుకుంటే..."

"ముట్టుకుంటే?"

"ముందు సాన పట్టించు. మొండిదైపోయింది."

అసలు కష్టం శనివారం సాయంత్రానికి మిగిలింది. ఆడపడుచు ఇంట్లో, కిటికీ దగ్గర కూర్చుని, ఆమె పాత కోటుకి చేత్తో రెండు జేబులు కుడుతూ సుద్దక్క సంగతంతా చెప్పింది. తలెత్తకుండా చెప్పింది. సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది.

ఆడపడుచు ఒక్కసారి కూడా నవ్వలేదు. అదే భయంగా ఉంది.

"అంటే ఆసుపత్రివాళ్ళ రూలు కాదా?"

"కాదు."

"మేం దొంగలమని ఎవ్వరూ అనుకోలేదా?"

"జేబుల విషయంలో అనుకోలేదు. నేనే... చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికా."

"వెతకలేదు వదినా. వెతకాలి అని రాసుకున్నావ్." ఆడపడుచు ముఖం ఇంకా బిగిసే ఉంది. "ఆ జేబుల చోట మిగిలిన ముక్కలు ఏంచేసేవాళ్ళు ఇన్నాళ్ళూ?"

సుద్దక్క గొంతు సగానికి తగ్గింది. "తుడుపుగుడ్డల కింద అమ్మేసేవాళ్ళు."

"ఎవరికి?"

"...మీ ఆసుపత్రికే."

ఆడపడుచు కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే తొమ్మిదేళ్ళుగా మా జేబులతో మేమే నేల తుడుస్తున్నామా!" అని, గోడకి జారగిలబడి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్ళలో మంగళవారం నాటివి కూడా కొన్ని ఉన్నాయని సుద్దక్కకి తెలిసింది. ఏమీ అనకుండా దారం కొరికి, కోటు అందించింది.

సోమవారం కళ్ళజోడు తెచ్చుకోడానికి సుద్దక్క మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళింది. వార్డు గుమ్మంలో ఆగింది. ఆడపడుచు మంచం కిందనుంచి ఎవరిదో దువ్వెన తీసి, జేబులో వేసుకుని, తీరిగ్గా ఆ వరస తుడవడం పూర్తిచేసి, ఇన్‌ఛార్జి బల్ల దగ్గరికెళ్ళి దువ్వెన తీసి పెట్టింది. ఇన్‌ఛార్జి దువ్వెన చూసింది, జేబు చూసింది. "నీ తోటివాళ్ళకి కూడా ఇలాంటిది కుట్టిస్తారా?" అంది. ఆవిడకి చేతనైన క్షమాపణ అంతే.

"కొత్తవి వచ్చే వారం మేడమ్. అందరికీ" అంది ఆడపడుచు.

తర్వాత వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుంది. తాళాలు ఒక జేబులో, రుమాలు ఇంకో జేబులో. "చేతులు రెండూ ఖాళీగా ఉంటే ఏం చేయాలో తోచట్లేదు వదినా" అంది, వాటిని ముందుకి చాపి చూసుకుంటూ.

"నాకైతే పనుంది. మధ్యాహ్నం కార్ఖానాలో తానుల కట్టలు జరపాలి. మాస్టారొక చెయ్యి వేస్తానన్నాడు."

"ఎందుకు?"

"వెనక కిటికీ ఉంది." సుద్దక్క సంచీలోంచి పుస్తకం తీసి, మొదటి పేజీ చూపించింది.

అట్ట లేని పుస్తకం బోసిగా ఉంది. కుట్టు కూడా కాస్త ఊడింది. ఆడపడుచు దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "పాపం, చిరిగిపోతుందేమో వదినా."

"అదే అనుకుంటున్నా. కార్ఖానాలో గట్టి కాగితం ఉంటుంది, ఒక అట్ట వేద్దామని..."

"అమ్మో, వద్దు!" ఆడపడుచు పుస్తకాన్ని గబుక్కున తన జేబులో వేసేసుకుని, పైనుంచి చెయ్యి అడ్డం పెట్టింది. "ఈసారి ఎవరి కోటుకి చేతులు లేకుండా పోతాయో!"